జనగామ పట్టణము – మన చేతిపనులు
(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



జనగామ పట్టణముయొక్క జనసంఖ్యను, ఆర్థికస్థితిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని మన కార్యదర్శిగారు నన్ను కోరిరి. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు అమరకోశమును, ఛందస్సును బోధించి విశ్రాంతి పొందిన పండితునకు అంకెలతో ఏమి పని యని మీకు తోపవచ్చును. కాని జనగణన వచ్చినప్పుడెల్ల ప్రభుత్వము బడిపంతుళ్ళనే పిలిచి, చేతికి పత్రములిచ్చి, ఇల్లిల్లు తిరుగుమని పంపును. 2001లోను, 2011లోను నేను ఈ పట్టణమున అట్లు తిరిగినవాడను. నేను చెప్పబోవు విషయము పుస్తకములనుండి కొంత, ఆ తిరుగుటలో కాళ్ళు నేర్పినది కొంత.

మరియొక కారణముకూడ గలదు. దానిని దాచుట యుక్తము కాదు. నిన్నటి రాత్రి కార్యవర్గ సమావేశమున సంఘనిధితో రహదారి ప్రక్కన కల్యాణమండపము కట్టింపవలెనని కొందరు పెద్దలు ప్రతిపాదింపగా, నేనొక్కడను అడ్డుచెప్పితిని. దానివలన కొందరు పోషకులకు మనఃక్లేశము కలిగినదని ప్రొద్దుట తెలిసినది. నేనేల అడ్డుచెప్పితినో ఈ ఉపన్యాసము విన్న పిమ్మట వారు నిర్ణయింతురుగాక.

మొదట ఊరి సంగతి. జనగామ యను పేరు జైనగ్రామ శబ్దమునుండి వచ్చినదని చెప్పుదురు. దాపునగల కొలనుపాకలో ప్రాచీన జైనక్షేత్రము ఉండుటచేత ఆ మాటకు కొంత బలము చిక్కినది. శాసన ప్రమాణము చూడక నేను దానికి పూచీపడజాలను. పడరానిదని త్రోసివేయనును లేను. ఈ ప్రాంతము పాల్కురికి సోమనాథుని పాలకుర్తికిని, పోతన పేరు చెప్పుకొను బమ్మెరకును నెలవు. పోతన హలము పట్టి జీవించెనని లోకప్రతీతి. ఆ హలమును చెక్కిన వడ్రంగి ఎవరో, కఱ్ఱు సాగగొట్టిన కమ్మరి ఎవరో ఏ ప్రతీతియు చెప్పదు. ఇది మన సభ గనుక ఈ ఒక్క మాట అనుటకు సాహసించితిని.

ఈ ఊరికి ప్రాణము పోసినది మొదట రైలు. నిజాము రాజ్యమున సికింద్రాబాదునుండి బయలుదేరిన ఇనుపదారి 1886లో వరంగల్లునకును, 1889లో బెజవాడకును చేరినది. ఆ దారిమీద జనగామ ఒక స్టేషను. రైలు నిలుచు చోట బండ్లు చేరును. బండ్లు చేరుచోట ధాన్యము చేరును. ధాన్యము చేరుచోట అంగడి పుట్టును. అంగడి పుట్టినచోట బండిచక్రము విఱిగినప్పుడు బాగుచేయువాడు కావలెను. ఈ విధముననే మనవారు పరిసర గ్రామములనుండి ఈ పట్టణమునకు వచ్చిరి. అప్పటికిది నల్లగొండ జిల్లాలోని తాలూకా. 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఈ తాలూకాలోనిదే. 1953లో జనగామ వరంగల్లు జిల్లాలో చేరినది. తరువాత గొప్ప ఆందోళన జరిగి, 2016 అక్టోబరు 11వ తేదీన ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైనది.

2011 జనగణన ననుసరించి పట్టణ జనసంఖ్య 52 వేలకు పైచిలుకు. జిల్లా ఏర్పడినప్పుడు దాని జనసంఖ్య, ఆ లెక్క ప్రకారమే, 5 లక్షల 66 వేలు. జిల్లాలో ఎనమండ్రుగురిలో ఒకరు మాత్రమే పట్టణవాసి. అనగా ఈ పట్టణము తనకొరకు బ్రతుకుట లేదు. చుట్టునున్న పల్లెలకొరకు బ్రతుకుచున్నది. పత్తియు, వడ్లును ఇచ్చట అమ్ముడుపోయిన నాడు బట్టల అంగళ్ళు, బంగారపు అంగళ్ళు కలకలలాడును. వాన తప్పిన యేట అదే వీధిలో ఈగలు తోలుకొనుచుందురు.

హైదరాబాదునకు ఇంచుమించు 85 కిలోమీటర్లు, వరంగల్లునకు 55 కిలోమీటర్లు. రెండు నగరములకును నడుమ గడపవలె నున్నది జనగామ. సంస్కృతమున దేహలీదీపన్యాయ మనునది యొకటి గలదు. గడపమీద దీపము పెట్టినచో లోపలికిని వెలుపలికిని వెలుగు నిచ్చునని దాని భావము. మన ఊరి గతి అందుకు విపరీతము. అటు గదిలోను, ఇటు గదిలోను పెద్ద దీపములు వెలుగుచున్నవి. గడపమీద నీడ పడుచున్నది. పెండ్లికి నగలు కొనదలచిన గృహస్థుడు ప్రొద్దున రైలెక్కి నగరమునకుపోయి సాయంకాలమునకు తిరిగివచ్చును. రహదారి నాలుగు వరుసలుగా వెడల్పయి ఊరిని తప్పించుకొని పోవుచున్నది. పూర్వము బస్సు ఊరిలో నిలిచి జనులు దిగి టీ త్రాగెడివారు. నేడు కార్లు పై రహదారిమీద కన్నుమూసి తెఱచునంతలో సాగిపోవును. ఇట్టి ఊరిని ఉపనగరమందురో, మరేమందురో పెద్దలు చెప్పవలెను.

పోల్చి చూడక వస్తువుయొక్క గుణము తెలియదు గనుక, మనవారు హెచ్చుగానున్న మఱి రెండు పట్టణములను ఒకసారి చూతము.

మహబూబాబాదు, అనగా మన పెద్దల నోట మానుకోట, రైలు కన్నబిడ్డయే. మిరపకాయకును, ధాన్యమునకును అది పేరుపొందిన విపణి. జిల్లా జనసంఖ్య 7 లక్షల 74 వేలు. అందులో నూటికి 37 మందికి పైగా గిరిజనులు, విశేషించి లంబాడీలు. తండాలనుండి వచ్చువారి కొనుగోళ్ళమీదనే ఆ అంగడి నిలిచియున్నది. లంబాడీ స్త్రీల వెండి యాభరణములు చేసి పొట్టపోసికొన్న కుటుంబములు మనలో కొన్ని గలవు. అద్దకపు సామాను వచ్చినతరువాత ఆ పనియు సన్నగిల్లినది. అదే జిల్లాలో బయ్యారమున ఇనుపరాయి గలదు. ఉక్కు కర్మాగారము సాధ్యమగునో కాదో పరిశీలింపవలెనని 2014 రాష్ట్ర పునర్విభజన చట్టములో వ్రాసినారు. చట్టములో వ్రాసినది కొలిమిలో కాగుటకు ఎన్ని యేండ్లు పట్టునో మన కమ్మరులు ఇంకను ఎదురుచూచుచునే యున్నారు.

భూపాలపల్లి సంగతి వేరు. అచ్చట నేలక్రింద బొగ్గు గలదు. సింగరేణి సంస్థ 1920లో ఆ పేర నమోదైనది. నేడు అందులో రాష్ట్రమునకు 51 పాళ్ళు, కేంద్రమునకు 49 పాళ్ళు. ఆ సంస్థ గనులును, సమీపమున చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రమును (2010లో 500 మెగావాట్లు, పిదప 600 మెగావాట్లు, మొత్తము 1,100) కలిసి ఒక అడవి యూరిని పట్టణముగా చేసినవి. 2011లో దాని జనసంఖ్య 42 వేలు. 2019లో ములుగు విడిపోయిన తరువాత జిల్లాకు మిగిలినది 4 లక్షల 16 వేలు. అచ్చటి అంగడికి ఋతువులు లేవు. జీతము వచ్చు తేదీయే దానికి పండుగ. మన పిల్లలు వెల్డరులుగా, ఫిట్టరులుగా, టర్నరులుగా అచ్చట కుదిరి, తాతల చేతిచలువను మరియొక రూపమున నిలుపుకొనుచున్నారు. సంతోషము. కాని బొగ్గు తరుగు వస్తువు. ఊరి ఆయుస్సు గనిలోతును బట్టి యుండును. ఉద్యోగ మిచ్చు సంస్థ ఒక్కటియే యైనప్పుడు ఊరంతయు ఒక్క దూలముమీద నిలిచిన ఇల్లువంటిది. దూలము దృఢముగానే యుండవచ్చును, ఐనను వడ్రంగి దానిని నమ్మడు.

జనగామకు గని లేదు, కర్మాగారము లేదు. ఉన్నది అంగడి, కచేరీలు, పాఠశాలలు, చేతిపని. మొదటి మూడును లెక్కకు వచ్చుచున్నవి. నాలుగవది లెక్కకు రాకుండ జారిపోవుచున్నది. నా ఉపన్యాసముయొక్క కీలక మిదియే గనుక కొంచెము ఓపికపట్టి వినగోరెదను.

జనగణనలో పనిచేయువారిని నాలుగు తరగతులుగా విభజింతురు: సేద్యగాండ్రు, వ్యవసాయ కూలీలు, కుటుంబ పరిశ్రమలో పనిచేయువారు, ఇతరులు. కుటుంబ పరిశ్రమ యనగా కుటుంబములోనివారే ముఖ్యముగా నడపు పని. దానికి నియమ మేమనగా, పల్లెలోనైనచో ఇంటిలోగాని ఆ గ్రామములో ఎచ్చటగాని చేయవచ్చును. పట్టణములోనైనచో తాము నివసించు ఇంటి ఆవరణములోనే జరుగవలెను. ఈ భేదము చిన్నదిగా కనబడును. దాని ఫలము చూడుడు. పెంబర్తిలో తన గ్రామమున కొట్టు పెట్టుకొని రేకు కొట్టువాడు కుటుంబ పరిశ్రమలో లెక్క. వాడే ఐదారు కిలోమీటర్లు వచ్చి జనగామలో కాపురము పెట్టి, వీధిలో ఒక గది అద్దెకు తీసికొని, అదే సుత్తితో అదే రేకు కొట్టినచో "ఇతరులు" అను గంపలో పడును. ఆ గంపలో బ్యాంకు గుమాస్తా, లారీ డ్రైవరు, బడిపంతులు అందరు నున్నారు. అమరసింహుడు వడ్రంగికి ఐదు పేర్లిచ్చెను. ఈ నాలుగు తరగతులలో వానికి ఒక్క పేరును లేదు. 2001లో దేశమున నూరుగురు పనివారిలో కుటుంబ పరిశ్రమవారు 4.2; 2011లో 3.8. ఈ తగ్గుదలలో పని మానినవారెందరో, గంప మారినవారెందరో ఆ అంకె చెప్పదు.

2011 ఫిబ్రవరిలో నేను పత్రములు పట్టుకొని మా పెద్దన్నగారి యింటికే వెళ్ళితిని. ఆయన స్వర్ణకారుడు. ఇంటినుండి రెండు వీధుల కవతల గదిలో కుంపటి. నేను నియమము ననుసరించి ఆయనను "ఇతరులు" అని వ్రాసితిని. ఆయన పత్రమువైపు వంగి చూచి, "తమ్ముడా, నలుబదియేండ్లు ఊదినాను, ఇతరుడనా?" అనెను. నేను నవ్వి ఊరకుంటిని. పిమ్మట మరియొక వీధిలో కొలిమి ఆరిపోయిన కమ్మరి ఒకరు, "ఏమి పని చేయుదువు?" అని అడుగగా తల వంచుకొని "కూలి" అనెను. ఆ గోడకు ఆయన సుత్తెలు, పట్టుకారులు వేలాడుచునే యున్నవి. ఏడాదిలో ఎన్ని నెలలు కొలిమి మండినదని అడుగవలసిన బాధ్యత నాది. ఎండ యెక్కినది, ఇంకను ఇండ్లు చాల గలవు, అడుగలేదు. ఆరు నెలలకు తక్కువ చేసినవానినైనను వేరుగా వ్రాయుటకు ఆ పత్రమున చోటున్నది. ఆ తప్పు నాది, ప్రభుత్వముది కాదు.

పెద్దన్నగారు గతించిరి. ఆయన మాట మాత్రము నన్ను విడువలేదు.

స్వర్ణకారుల సంగతి వచ్చినది గనుక రెండు మాటలు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున బంగారు పరీక్షకును, స్వర్ణకారుని నడవడికిని వేరువేరుగా అధ్యాయములు కేటాయించెను. రాజునకు ఈ వృత్తిపై ఎంత కన్నుండెనో దానివలన తెలియును. ఆ కన్ను 1963 జనవరిలో ఎఱ్ఱనైనది. పదునాలుగు కారటులకు మించిన నగ చేయరాదని ఆజ్ఞ వెలువడగా దేశమంతట స్వర్ణకారుల కుంపట్లు చల్లారినవి. బ్రతుకుతెరువు లేక ప్రాణములు తీసికొన్నవారు గలరు. మా ఇంట ఆ కాలమును "బంగారపు కరవు" అనెడివారు. స్వర్ణనియంత్రణ చట్టము 1990లో రద్దైనది. మరల ఊపిరి పీల్చుకొనునంతలో పెద్ద నగరములనుండి పెద్ద దుకాణములు బయలుదేరినవి. 2021 జూన్ 16 మొదలు 256 జిల్లాలలో హాల్‌మార్కు ముద్ర తప్పనిసరి యైనది; 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరాంకముల గుర్తు లేక ఆ ముద్ర చెల్లదు. ఏడాదికి 40 లక్షలకు తక్కువ వ్యాపారము గలవారికి మినహాయింపు ఇచ్చినారు. మినహాయింపు చట్టములో నున్నది. గిరాకిదారుని మనస్సులో లేదు. "ముద్ర ఏది?" అని అతడు అడుగును. అది న్యాయమైన ప్రశ్నయే. ముద్ర కొనువానిని కాపాడును. దానిని మనము నిందింపరాదు. మన చిన్న స్వర్ణకారులు పదిమంది కలిసి ముద్ర వేయించుకొను ఏర్పాటు చేసికొనకపోవుటయే లోపము.

వడ్రంగులను, కమ్మరులను గూర్చి హెచ్చుగా చెప్పను, అందరికిని తెలిసినదే. ట్రాక్టరు వచ్చి నాగలిని, బండిని తీసికొనిపోయినది. ఇనుప తలుపులు, ప్లాస్టిక్ కిటికీలు వచ్చినవి. నేడు పట్టణములో ఇండ్లకు అలమరలు బిగించువారిలో అనేకులు ఉత్తరదేశమునుండి వచ్చిన వడ్రంగులు. వారిని చూచి కొందరు అసూయ పడుచున్నారు. వారు యంత్రము పట్టిరి, ప్లైవుడ్ పని నేర్చిరి, చెప్పిన దినమున పని ముగించిరి. ఈ మూడింటిలో మూడవది నేర్చుకొనుటకు మనకు పెట్టుబడి అక్కరలేదు.

ఇక పెంబర్తి. ఈ గ్రామమును గూర్చి చెప్పునప్పుడు నాకు కొంచెము గర్వము కలుగుట సహజము; మన్నింపుడు. కాకతీయుల కాలమున దేవాలయములకును, రథములకును ఇత్తడి తొడుగులు చేసిన పనితనమునకు వారసులు ఇచ్చటివారని చెప్పుదురు. నిజాముల కాలమున పాన్‌దానులు, అత్తరుదానులు చేసి ఆ విద్యను నిలుపుకొనిరి. పని ఎట్లు జరుగునో చూడనివారికొరకు చెప్పెదను. రేకును నిప్పులో కాల్చి మెత్తపరతురు. మెత్తనైన లక్కమీద దానిని పరచి, గీసిన రేఖ వెంబడి చిన్న ఉలులతో కొట్టుదురు. కొట్టినకొలది రేకు గట్టిపడును గనుక మరల కాల్చవలెను, మరల లక్క, మరల ఉలి. ఒక మకరతోరణమునకు ఇట్లు ఎన్నిసార్లు నిప్పుకడకు పోయి రావలెనో చేయువానికే తెలియును. తుదకు అతుకులు పెట్టి, మెఱుగు దిద్దుదురు. ఈ మెఱుగు దిద్దుట, చింతపండుతో కడుగుట మొదలైనవి మన స్త్రీలు చేయగా నేను కన్నులార చూచితిని. వారిని "ఏమి పని?" అని అడిగినప్పుడు "ఇంటిపని" అనిరి. నేనును అట్లే వ్రాసికొంటిని.

పెంబర్తి లోహశిల్పమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2023లో కేంద్ర పర్యాటకశాఖ ఈ గ్రామమును ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎంపిక చేసినది. కీర్తికి లోటు లేదు. లోటున్నది ఆర్డరునకును ఆర్డరునకును నడుమ. దేవాలయమువారు ధ్వజస్తంభపు తొడుగు కోరినప్పుడు పనివాడు రాత్రింబవళ్ళు పనిచేయును. ఆ తొడుగు బిగించిన మరునాడు ఖాళీ. కచేరీలవారు జ్ఞాపికలు కోరుదురు గాని, యంత్రముతో అచ్చొత్తిన చవుక సరకు ప్రక్కన పెట్టి బేరమాడుదురు. పేరు రక్షింపబడినది, రేకు కొనుటకు చేతిలో పైకము లేదు. అందుచేత నేర్చిన యువకుడు హైదరాబాదునకు పోయి, రోజుకూలికి మరియొకని దుకాణములో తన తాతనమూనాలే కొట్టుచున్నాడు. పని నశింపలేదు, ఊరు మారినది. లాభము చేయి మారినది.

ఇప్పుడు కల్యాణమండపము సంగతికి వచ్చెదను. పెండ్లిండ్లు జరుగవలసినవే. మండపమునకు అద్దె వచ్చునన్న మాటయు నిజమే. ఐతే మన ఊరిలో మండపములకు కరవు లేదు. మనకు లేనిది, పదిమంది పనివారు ఒకచోట కూర్చుండి వాడుకొనదగిన మెఱుగుపెట్టు యంత్రము, లేతు, కరెంటు సుత్తి, రేకు టోకున కొని నిలువచేయు గది. రహదారి ప్రక్కన స్థలమున్నదన్నారు; చాల మంచిది. ఆ స్థలములోనే ముందు అంగడియు వెనుక పనిశాలయు కట్టిన యెడల, ఊరిని తప్పించుకొని పోవు కార్లలో కొన్నియైనను నిలుచును. చేయుచుండగా చూచి కొనువాడు అచ్చొత్తిన సరకుతో పోల్చి బేరమాడడు. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము ఆరంభించిన విశ్వకర్మ యోజనలో పదునెనిమిది వృత్తులు చేరినవి. వడ్రంగి, కమ్మరి, స్వర్ణకారుడు, శిల్పి అందు గలరు. పనిముట్లకు 15,000 రూపాయలు, మొదట లక్ష, పిదప రెండు లక్షలు, నూటికి అయిదు వడ్డీకి ఋణము. వ్యక్తికి వచ్చు ఈ సాయము సంఘపు పనిశాలతో జతపడినప్పుడు దానికి బలము హెచ్చును. లేనిచో ఆ పనిముట్ల పెట్టె మంచముక్రింద తుప్పుపట్టును. అట్టివి నేను చూచితిని.

మండపము వద్దని నేననుట లేదు. ముందు పనిశాల, దాని ఆదాయముతో పిదప మండపము. ఈ క్రమము తప్పనిదని నా మనవి. పోషకులలో ఎవరైనను తమ తల్లిదండ్రుల పేర మండపము కట్టింపదలచియుండిన, ఆ పేరునే పనిశాల ద్వారముమీద, పెంబర్తి రేకుతో, మరింత అందముగా చెక్కింతుము.

రెండవ కార్యము ఒకటి గలదు. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. రాబోవునది 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా తీసికొనుననియు, అందు కులమునుగూడ వ్రాసికొందురనియు కేంద్రప్రభుత్వము 2025లో ప్రకటించినది. 1931 తరువాత అన్ని కులముల లెక్కలు జనగణనలో ప్రచురింపబడలేదు. మన రాష్ట్రమున 2024 నవంబరులో ఇంటింటి సర్వే జరిగినప్పుడు మనవారు కులము చెప్పుటకు ఉత్సాహపడిరి. వృత్తి చెప్పుటకు సంకోచించిరి. నా వంటి పంతులు మరల మీ గుమ్మములో నిలిచి, ఎండకు తొందరపడి, అడుగవలసినది అడుగక పోవచ్చును. అతడు అడుగకున్నను మీరు చెప్పుడు. కొలిమి నాలుగు నెలలు మండినచో నాలుగు నెలలనియే చెప్పుడు. ఇంటిలో చేయు పనిని ఇంటిలోనిదని చెప్పుడు. మెఱుగు దిద్దు స్త్రీ తన పని పేరు తానే చెప్పవలెను.

అంతవరకు ఆగక మన లెక్క మనము తీసికొనుటకై నేనొక పత్రము వ్రాసి అచ్చువేయించితిని. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడు జిల్లాలకును ఒకటే పత్రము. ఇందు కొలువుల సంగతి లేదు, ఆస్తి సంగతి లేదు. ఇంటిలో ఏ పనిముట్లు గలవు, వానిని ఎవరు పట్టుదురు, ఏడాదికి ఎన్ని నెలలు, స్త్రీలు చేయు భాగమేది, నేర్చినవారిలో పెద్ద వయస్సెంత, చిన్న వయస్సెంత, ఇవియే ప్రశ్నలు. కొలిమి ఆరినచోట ఏ సంవత్సరమున ఆరినదో వ్రాయుటకు క్రింద ఒక గీత విడిచితిని. పత్రములు ద్వారమువద్ద యువకుల చేతిలో నున్నవి. వ్రాయుట కష్టమైన పెద్దలు నన్ను పిలువుడు. నేను ప్రక్కన కూర్చుండి వ్రాసి పెట్టెదను. ఈసారి తొందర లేదు. సాయంకాల భోజనములకు ముందుగా తిరిగి ఇచ్చినయెడల, రేపటి కార్యవర్గ సమావేశమునకు ఆ కాగితములు తీసికొనిపోయెదను.